సంఘమును నడుపు విద్య



మద్రాసు రాజధానిలో వ్యవసాయ బ్యాంకులను నెలకొల్పు విషయమును విచారించిన ఫ్రెడరిక్ నికల్సన్ గారు 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదికను వెలువరించిరి. ఆ పెద్ద గ్రంథము యొక్క సారమంతయు ఒక్క మాటలో ఇమిడియున్నది: రైఫైజన్ వంటి మనుష్యుని వెదకుకొనవలెనని. నేటికిని మన గ్రామములలో వినవచ్చు మాటయు నిదియే. “సంఘము పెట్టుదుము గాని, నడుపు మనిషి యేడీ?” అని యందురు. అట్టి మనిషి వెదకినంత మాత్రమున దొరకడు, నేర్చుకొని తయారగును. ఈ పాఠమున ఆ నేర్చుకొను విధము చెప్పుకొందము.

రైఫైజన్ నేర్చుకొన్న తీరు

రైఫైజన్ 1818లో జర్మనీ దేశమున జన్మించి, చిన్న గ్రామములకు పాలనాధికారిగా నుండెను. 1846-47 నాటి కరవులో బీదలకు రొట్టె సమకూర్చుటకు ఒక సంఘమును కూర్చెను. 1849లో ఒకటి, 1854లో మరియొకటి స్థాపించెను. ఇవన్నియు ధనవంతుల దయపై నిలిచినవి. దయ చల్లారిన కొలది సంఘములును చల్లారినవి. అప్పుడాయన ఎవరిని నిందింపక, తన పద్ధతిలోని లోపమును గ్రహించెను. 1864లో అప్పు తీసికొను రైతులే సభ్యులుగా, వారే ఒకరికొకరు పూచీగా నుండు సంఘమును హెడ్డెస్‌డార్ఫ్‌లో నెలకొల్పెను. మన దేశమున 1904లో వచ్చిన సహకార పరపతి సంఘముల చట్టమునకు ఈ పద్ధతియే ఒరవడి. ఆయన పుట్టుకతోనే నేర్పరి కాడు. పదునెనిమిదేండ్లు తప్పులు దిద్దుకొని నేర్పరియైనవాడు.

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణపు కార్మికుల సంగతియు నట్టిదే. 1844లో 28 మంది చేరి, తలకొక పౌను చొప్పున వారము వారము పెన్నీలు కూడబెట్టి, డిసెంబరు 21న చిన్న దుకాణము తెరచిరి. వారిలో పలువురు నేతపనివారు. పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తుల వంటి కొద్ది సరకులతో ఆరంభించి, కొలుచుటయు లెక్క వ్రాయుటయు పనిలోనే నేర్చుకొనిరి. తరువాత లాభములో నూటికి రెండున్నర వంతు సభ్యుల విద్యకే ప్రత్యేకించిరి. సంఘమునకు మూలధనము డబ్బు మాత్రమే కాదు, తెలిసిన సభ్యులు కూడనని వారెరుగుదురు.

ఒక్కని చేతిలోని సంఘము

ఇట్టి సంఘము నొకదానిని తలచి చూడుడు. అధ్యక్షుడు సజ్జనుడు, కష్టజీవి. ఇరువది యేండ్లుగా పెట్టె తాళము ఆయన మొలనే యున్నది; బాకీలన్నియు ఆయనకు కంఠస్థము. సభ్యులు నిశ్చింతగా నుండిరి. తొలకరి వేళ ఆయన కాలము చేసెను. విత్తనములకు అప్పు కావలసిన రైతులు వచ్చి చూచిరి. చిట్టాలో సగము పుటలు ఖాళీగా నున్నవి. బాకీ తీర్చినవానికి రశీదు లేదు. తీర్చనివానిపై పత్రము లేదు. తీర్చినవాడు మరల తీర్చవలసివచ్చెను. అదను దాటిపోయెను. ఆ సజ్జనుడు ఒక్క పైసయు అపహరింపలేదు. అయినను సంఘము చెడినది. ఎందుచేత? ఆయన పని చేసెను గాని, పని నేర్పలేదు.

నేర్వవలసిన నాలుగు పనులు

1. లెక్క చదువుట. వ్రాయువాడు గుమాస్తాయైనను, చదువవలసినవారు పాలకవర్గమువారు. నెలకొకసారి చిట్టాలోని నిలువను పెట్టెలోని రొక్కముతోను, బ్యాంకు పుస్తకముతోను సరిచూడవలెను. వాయిదా మీరిన బాకీల జాబితాను సభలో చదివింపవలెను. తనిఖీ అధికారి వచ్చునాటికి సరిచేయుదమనుట, దొంగ పడిన తరువాత తలుపు వేయుట వంటిది.

2. సభ నడుపుట. ఏ విషయములు చర్చింపనున్నారో ముందుగా తెలుపవలెను. అధ్యక్షుడు తన యభిప్రాయమును చివర చెప్పవలెను. ముందే చెప్పినచో మొగమాటమునకు తక్కినవారు తలయూపుదురు. మూల కూర్చున్న చిన్న రైతును, మాటాడుటకు జంకు స్త్రీలను పేరుపెట్టి యడుగవలెను. తీర్మానమును అక్కడనే వ్రాసి, చదివి, సంతకములు చేయింపవలెను.

3. కాదనుట. బావమరిది పాత బాకీ యుంచి క్రొత్త అప్పు అడిగినప్పుడే నాయకుని నేర్పు తెలియును. “నేను కాదనుట లేదు, బావా, నిబంధన కాదనుచున్నది. పాతది కట్టుము, నేనే నీ దరఖాస్తు సభలో పెట్టెదను” అని మెత్తగా, గట్టిగా చెప్పగలుగవలెను. తన బంధువునకు సడలించిన నిబంధన ఊరివారినెవ్వరిని కట్టదు.

4. పని పంచుట. ప్రతి పనికిని ఇద్దరు తెలిసినవారుండవలెను. చదువుకొన్న యువకునొకనిని, యువతినొకతెను లెక్కల యొద్ద కూర్చుండబెట్టుడు. వారు తప్పు చేసిన పుస్తకము లాగుకొనక, తప్పు చూపి వారిచేతనే దిద్దింపుడు.

తెలంగాణమున నాటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి పూనికతో ఒక సహకార సంఘము వెలసినది. స్థాపకుని అనంతరమును అది నిలిచి నడచుచున్నది. స్థాపించుట గొప్ప, స్థాపకుడు లేకున్నను నడచుట అంతకంటె గొప్ప.

అభ్యాసము

రాబోవు మాసమున అధ్యక్షులు, కార్యదర్శులు ఒక పరీక్ష చేసికొందురు గాక. ఒక వారము సంఘమునకు దూరముగా నుండుడు. పెట్టె తెరవబడినదా? రశీదులు వ్రాయబడినవా? సభ జరిగినదా? జరిగినచో సంతోషింపుడు. జరుగనిచో ఎవరిని కోపింపక, ఆగిన పని యేదో గుర్తించి, దానిని మరునాడే మరియొకరికి నేర్ప మొదలిడుడు. గ్రంథాలయ సంఘమునకైనను, యువజన సంఘమునకైనను, పాలసంఘమునకైనను పరీక్ష యిదియే.

సభ్యులకును ఒక మాట. నడుపు మనిషి యేడీయని వెదకుట మాని, వచ్చు సభలో చిట్టా నొకమారు చేతికి తీసికొని చదువుడు. తెలియని పద్దును అడుగుడు. ఆ యడిగినవాడే రేపటి నాయకుడు.