మేఘముల నెరిగి విత్తనము వేయుట

అజీజ్‌నగరము, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములందు చెలక భూములును రేగడి భూములును గలవు. బావులు గలవారు కూరగాయలు, పూలు పండించుచున్నను, ప్రత్తి, మొక్కజొన్న, కంది మున్నగు పైరులు చాలవరకు వానపై నాధారపడినవే. మృగశిర కార్తె ప్రవేశించునప్పటికి ప్రతి రైతునకు గలుగు సందేహ మొక్కటియే: ఈ వానకు విత్తవచ్చునా? తొందరపడి విత్తినచో మొలక మాడిపోయి, విత్తనమునకును కూలికిని రెండవమారు వ్యయము చేయవలసి వచ్చును. మిక్కిలి ఆలసించినచో అదను తప్పును. కావున ఏ మేఘము ఎట్టి వాన నిచ్చునో రైతు లెరిగియుండుట యవసరము.

మేఘముల జాతులు

1802లో లూక్ హోవర్డ్ అను ఇంగ్లండు దేశీయుడు మేఘములను వాని రూపమును బట్టి విభజించెను. శాస్త్రజ్ఞులు నేటికిని ఆ పద్ధతినే విస్తరించి వాడుచున్నారు. అందు రైతులకు ముఖ్యమైనవి నాలుగు.

1. పింజ మొగులు. శాస్త్రమున దీనిని సిర్రస్ అందురు. ఏకిన ప్రత్తివలె తెల్లగా, పలుచగా నుండును. సుమారు ఆరు కిలోమీటర్లకు పైన మంచురవలతో ఏర్పడును. దీని వాన నేలకు దిగదు. ఇట్టి మంచురవల మొగులు తెరవలె వ్యాపించినప్పుడు చంద్రుని చుట్టు పెద్ద వరదగుడి కట్టును. గుడి దూరమైన వాన దగ్గర యని పెద్ద లందురు. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినప్పుడు ఇట్టి తెర ముందుగా వచ్చుట గలదు. కాని ఎక్కడనో కురిసి చెదరిన ఉరుము మొగులు శేషము గూడ ఇట్లే కనబడును. కావున గుడిని జూచి వాతావరణ సూచనను విచారింపవలెను గాని, దానిని నమ్మి విత్తరాదు.

2. కుప్ప మొగులు, అనగా క్యుములస్. అడుగు చదునుగా, పైభాగము ప్రత్తికుప్పవలె నుండును. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచుటచే నేర్పడును. సాయంకాలమునకు చెదరిపోయినచో వాన లేదు. మధ్యాహ్నమునకే గోపురములవలె పెరుగుచున్నచో ఉరుము మొగులుగా మారవచ్చును.

3. ఉరుము మొగులు, అనగా క్యుములోనింబస్. దీని తల కమ్మరి దాగలివలె పరచుకొనును. ఎత్తు పదునైదు కిలోమీటర్లకు మించుటయు గలదు. గాలిదుమారము, పిడుగులు, ఒక్కొక్కప్పుడు వడగండ్లు దీనివలన గలుగును. ఒంటి మొగులు బ్రతుకు గంటసేపు. అది తడుపు నేల కొలది మేర. ఒకరి చెలక తడిసి ప్రక్కవాని చెలక ఎండియుండుట ఇందుచేతనే. రోహిణిలోను, మృగశిర యారంభమునను గురియు వానలు పెక్కు లిట్టివే.

4. ముసురు మొగులు, అనగా నింబోస్ట్రాటస్. బూడిదరంగు గలిగి, అంచు తెలియక, సూర్యుని పూర్తిగా కప్పును. అల్పపీడనము బంగాళాఖాతము నుండి ఇటు సాగినప్పుడు ఇట్టి ముసురు పట్టుట గలదు. దీని వాన గంటల తరబడి నిలిచి నేలలో నింకును. అయితే వాయుగుండము బలపడినచో ఉరుము మొగుళ్లును దీనితో గలిసి ఉపద్రవము గలుగును. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద యట్లే వచ్చెను; దాని తరువాతనే 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపమున తీరము దాటిన వాయుగుండము వలనను హైదరాబాదు ప్రాంతమున కుంభవృష్టి కురిసెను. కోతల కాలమున ఇట్టి సూచన వచ్చినచో పండిన ప్రత్తిని తీసికొని, చేనిలో నీరుపోవు కాలువలు తెరువవలెను.

సూచనలోని మాటల అర్థము

వాతావరణ శాఖవారి సూచనలో "ఒకటి రెండు చోట్ల" అనగా, ఆ ప్రాంతపు వర్షమాన కేంద్రములలో నూటికి ఇరువదియైదింటికి మించక వాన పడునని యర్థము. అట్టి దినమున మీ గ్రామమున కురియకున్నను సూచన తప్పినదనరాదు. ఆ సూచనను నమ్మి విత్తుటయు తగదు. "దాదాపు అన్ని చోట్ల" అనగా నూటికి డెబ్బదియైదింటికి మించి యని. "మోస్తరు వర్షము" అనగా ఒక దినమున 15.6 నుండి 64.4 మిల్లీమీటర్లు, "భారీ వర్షము" అనగా 64.5 నుండి 115.5.

విత్తుటకు కొలత

మొగులు జూచి యూహించుట కన్న కురిసిన వానను కొలుచుట మేలు. అడుగు చదునుగా, ప్రక్కలు నిట్టనిలువుగా నుండు డబ్బాను చెట్లకు దూరముగా, బయలున కదలకుండ నిలిపి, ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు నీటి లోతును మిల్లీమీటర్లలో కొలిచి వ్రాసికొనవలెను. తేలిక చెలకలలో 50 నుండి 60, బరువైన రేగడిలో 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన కురిసిన పిమ్మటనే విత్తవలెను. నడుమ పలుదినములు ఎండ కాసినచో మొదటి వానను లెక్కింపరాదు. గుంట త్రవ్వి, సుమారు జానెడు లోతు తడిసినదో లేదో చూడవలెను.

పిడుగు నుండి రక్షణ

మెరుపు కనబడిన పిమ్మట ముప్పది లెక్కించులోగా ఉరుము వినబడినచో పిడుగు పది కిలోమీటర్ల లోపల నున్నదని తెలియునది. వెంటనే అరక విడిచి పక్కా యింటికి చేరవలెను. చెట్టు క్రింద నిలువరాదు. కడపటి ఉరుము తరువాత అర్ధగంట గడచువరకు చేనికి మరలరాదు.

విత్తనము సంచిలో నున్నంతవరకు రైతు సొమ్ము. తడి చాలని నేలలో పడిన పిమ్మట ఎండ పాలు. కావున తమ చేనిలో కొలిచిన వానను బట్టియే విత్తవలెను.