చివరి రోల్ నంబరు

మన క్లబ్బులో ప్రతి శుక్రవారం సాయంత్రం ఒకరు లేచి తమకు నచ్చిన తెలుగు కథో కవితో పైకి చదవాలి. ఎవరు చదవాలన్నది పోయిన సెమిస్టర్ దాకా సీనియర్ల ఇష్టం. వాళ్ళ వేలు ఎటు చూపిస్తే అటు. "ఇదంతా పక్షపాతం, నేను ప్రోగ్రామ్ రాస్తా" అని గొప్పగా ముందుకొచ్చాను. రాశాను. అది సీనియర్ల కంటే పెద్ద పక్షపాతం చేసింది. ఎలా చేసిందో చెప్పడానికే ఈ వ్యాసం. కోడింగ్ రాకపోయినా పర్లేదు, చీటీలు తీయడం తెలిస్తే చాలు.

ముందు రూలు చెప్తా. అందరికీ సమానంగా అవకాశం ఇస్తే, పోయిన వారం చదివినవాడికే మళ్ళీ ఈ వారం రావచ్చు. అందుకని చదివి ఎన్ని వారాలైతే అంత వెయిట్ ఇచ్చాను. (వెయిట్‌ని బరువు అనాలా, భారం అనాలా అని మా గ్రూపులో గంటసేపు కొట్టుకున్నారు. నేను వెయిట్ అనే రాస్తున్నా.) నలుగురే ఉన్నారనుకుందాం: క, చ, ట, త. వెయిట్లు వరుసగా 4, 3, 2, 1. అంటే డబ్బాలో క పేరుతో నాలుగు చీటీలు, చ పేరుతో మూడు, ట పేరుతో రెండు, త పేరుతో ఒకటి. మొత్తం పది. ఒకటి తీయాలి.

కంప్యూటర్‌కి డబ్బా ఉండదు కాబట్టి 0 నుంచి 10 లోపు ఒక సంఖ్య తీస్తుంది. 4 లోపు వస్తే క, 4 నుంచి 7 లోపు చ, 7 నుంచి 9 లోపు ట, ఆ పైన త. ఎవరికి ఎంత పొడవు గీత ఉంటే వాళ్ళకి అంత అవకాశం. ఇంతవరకు నా ప్రోగ్రామ్ కరెక్టే.

తర్వాత ఫిల్టర్ వచ్చింది. రానివాళ్ళనీ, "రేపు ల్యాబ్ ఇంటర్నల్ ఉంది, వదిలేయండి" అన్నవాళ్ళనీ జాబితాలోంచి తీసేయాలి. తీసేశాను. కానీ మొత్తం వెయిట్‌ని ప్రోగ్రామ్ మొదట్లోనే ఒకసారి లెక్కకట్టి పెట్టుకున్నాను. ఫిల్టర్ తర్వాత దాన్ని మళ్ళీ లెక్కకట్టలేదు.

చ రాలేదనుకోండి. మిగిలిన వెయిట్లు 4, 2, 1. మొత్తం 7. నా ప్రోగ్రామ్ మాత్రం ఇంకా 10 లోపు సంఖ్యే తీస్తోంది. 4 లోపు క, 6 లోపు ట, 7 లోపు త. మరి 8.3 వస్తే? ఆ గీత మీద ఎవరూ లేరు. చీటీల భాషలో చెప్పాలంటే, చ పేరున్న మూడు చీటీలు తీసేయకుండా వాటి మీద పేరు చెరిపేసి మళ్ళీ డబ్బాలోనే వేశాను.

ఖాళీ చీటీ వస్తే ప్రోగ్రామ్ ఆగిపోవాలి, అప్పుడే తప్పు తెలిసేది. కానీ దశాంశాల లెక్కల్లో చివర్న ఒక్కోసారి చిన్న తేడా వస్తుందని ఎక్కడో చదివి, జాగ్రత్త కోసమని కింద ఒక లైను పెట్టాను: ఎవరూ దొరక్కపోతే జాబితాలో చివరివాడిని ఇచ్చేయ్. దాంతో ఖాళీ చీటీలన్నీ త ఖాతాలో పడ్డాయి. న్యాయంగా త అవకాశం ఏడింట ఒకటి, అంటే 14 శాతం. నా ప్రోగ్రామ్‌లో పదింట నాలుగు, అంటే 40 శాతం. అందరికంటే ఎక్కువ వారాలు ఆగిన క కి కూడా అదే 40. ఇది నలుగురి లెక్క. మన క్లబ్బులో సగం మంది రాని రోజులుంటాయి. ఆ రోజు దాదాపు సగం చీటీలు ఖాళీయే.

జాబితా రోల్ నంబర్ల వరుసలో ఉంది. మా కాలేజీలో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, నేరుగా సెకండియర్‌లో చేరిన లేటరల్ ఎంట్రీ వాళ్ళ నంబర్లు చివర్న వస్తాయి. మా జాబితాలో చివరి నంబరువాడు ఒక్క శుక్రవారం కూడా మానడు. ఆరు వారాల్లో మూడుసార్లు వాడి పేరే వచ్చింది. మూడోసారి చదివి దిగాక నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు: "ఏరా, నా పేరు ముందే పెట్టేశావా అందులో? మేం లేటుగా వచ్చామనా?"

నేను నవ్వేసి "ర్యాండమ్ అంటే అంతే మామా" అన్నాను. వాడు నవ్వలేదు.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ర్యాండమ్ అనే మాట వెనక ఏ తప్పైనా దాక్కోగలదు. కూడికలో తప్పుంటే జవాబు చూడగానే తెలుస్తుంది. ఇక్కడ ఏ ఒక్క జవాబూ తప్పు కాదు, ఎవరి పేరైనా రావచ్చు కదా. తప్పు బయటపడాలంటే వేలసార్లు నడిపి లెక్కపెట్టాలి. ఆ రాత్రి హాస్టల్లో పైన చెప్పిన నలుగురితో పదివేలసార్లు నడిపాను. త కి 1,400 దరిదాపుల్లో రావాల్సింది, నాలుగు వేల దగ్గర వచ్చింది. మొదట్లో నేను టెస్ట్ చేయలేదని కాదు. చేశాను, అందరూ హాజరైనట్టు పెట్టి. అప్పుడు ఖాళీ చీటీ ఒక్కటీ ఉండదు, అంతా సరిగ్గానే కనిపిస్తుంది.

సరిదిద్దడం రెండు నిమిషాల పని. ముందు ఫిల్టర్, తర్వాత మొత్తం, ఆ తర్వాతే సంఖ్య తీయడం. ఖాళీ చీటీ వస్తే పక్కన పడేసి మళ్ళీ తీసినా లెక్క సరిపోతుంది, కానీ ఎవరూ రాని రోజు ప్రోగ్రామ్ తీస్తూనే ఉంటుంది. అసలు పైథాన్‌లో 3.6 వెర్షన్ నుంచి ర్యాండమ్.చాయిసెస్ అని ఉంది. పేర్లు ముగ్గురివి, వెయిట్లు నలుగురివి ఇస్తే అది ఊరుకోదు, ఎర్రర్ ఇస్తుంది. సొంతంగా రాయాలన్న సరదా లేకపోతే నా తప్పు మొదటి వారమే దొరికేది.

అయితే ఒకే రోజు ఇద్దరు చదవాలంటే చాయిసెస్ పనికిరాదు, ఒకే పేరు రెండుసార్లు ఇవ్వగలదు. దీనికి 2006లో ఎఫ్రైమిడిస్, స్పిరాకిస్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి నాకు భలే నచ్చింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ 0, 1 మధ్య ఒక సంఖ్య తీయాలి. వెయిట్ 2 అయితే దాని వర్గమూలం, 4 అయితే నాలుగో మూలం, 1 అయితే ఉన్నదున్నట్టే. 1 కంటే చిన్న సంఖ్యకి మూలం తీస్తే పెరుగుతుంది: 0.5 కి వర్గమూలం 0.707, నాలుగో మూలం 0.84. అలా వెయిట్ ఉన్నవాళ్ళు పైకి జరుగుతారు. పైనున్న ఇద్దరిని తీసుకోవడమే. ఇందులో మొత్తం అన్న లెక్కే లేదు. రానివాళ్ళకి సంఖ్య తీయం, అంతే.

మర్నాడు కోడ్ తెరిచి వాడికి చూపించాను. సారీ చెప్పాను. వాడు స్క్రీన్ కిందికి జరిపి ఆ చివరి లైను మీద వేలు పెట్టాడు. "ఇక్కడ చివరివాడిని ఇవ్వడం ఎందుకు, ఎర్రర్ పెట్టొచ్చుగా?" పెట్టాను. మూడుసార్లు చదివావు కాబట్టి రెండు నెలలు నీ పేరు తీసేస్తా అన్నాను. "వద్దులే, లెక్క ప్రకారం రానీ" అన్నాడు. ఈ శుక్రవారానికి వాడి వెయిట్ 3.