రోజ్‌మేరీ: ఆకు వేరు, నూనె వేరు



మా బడి హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండకు దగ్గరలో ఉంది. నిరుడు మా తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె మూడు రోజులు బడికి రాలేదు. నాలుగవ రోజున వచ్చి, పాఠం అయిపోయిన తరువాత నా బల్ల దగ్గర నిలబడింది. “సార్, ఆకుల నుంచి తీసిన నూనె తాగితే ఫిట్స్ వస్తాయా?” అని అడిగింది. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు.

జరిగినది ఇది. జుట్టు ఊడకుండా ఉంటుందని ఎవరో చెప్పగా ఆమె ఒక చిన్న సీసా రోజ్‌మేరీ నూనె కొనిపించుకున్నది. రాత్రి తలకు రాసుకొని, సీసా మూత సరిగా బిగించకుండా తలగడ పక్కనే పెట్టి నిద్రపోయింది. తెల్లవారుజామున ఆమె రెండేళ్ళ తమ్ముడు ఆ సీసాను నోట్లో పెట్టుకున్నాడు. దగ్గుతూ ఏడ్చాడు. అరగంట గడవక ముందే కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాడు. పొరుగింటి పెద్దావిడ ఉప్పునీళ్ళు తాగించి కక్కించమన్నది. తల్లి ఆ మాట వినలేదు. బిడ్డనూ సీసానూ పట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తింది. బిడ్డ బ్రతికాడు.

“సీసా మీద ‘సహజమైనది’ అని రాసి ఉంది సార్. అందుకే భయపడలేదు” అన్నది ఆ అమ్మాయి. ఆమెకు నేను చెప్పిన జవాబునే ఇక్కడ పాఠంగా రాస్తున్నాను.

తులసికి చుట్టం

రోజ్‌మేరీ మధ్యధరా సముద్ర తీరాలలో సహజంగా పెరిగే పొద. లాటిన్ భాషలో ‘రోస్ మరీనస్’ అంటే సముద్రపు మంచు అని అర్థం. ఇది మన తులసి, పుదీనా, మరువం, సబ్జా మొక్కల కుటుంబానికే చెందినది. ఈ కుటుంబాన్ని పూర్వం లేబియేటి అనేవారు, ఇప్పుడు లామియేసి అంటున్నారు. తులసి లేత కాడను వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడండి. అది గుండ్రంగా కాక నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. పువ్వుకు పెదవుల వంటి రెండు భాగాలు ఉంటాయి. రోజ్‌మేరీలోనూ ఇవే లక్షణాలు కనిపిస్తాయి. లిన్నేయస్ దీనికి ‘రోస్మరైనస్ అఫిసినాలిస్’ అని పేరు పెట్టాడు. 2017లో శాస్త్రజ్ఞులు దీనిని సాల్వియా ప్రజాతిలో చేర్చారు. అందువల్ల ఇప్పటి పేరు ‘సాల్వియా రోస్మరైనస్’.

దీని ఆకు సూదిలాగా సన్నగా ఉంటుంది. అంచులు కిందికి ముడుచుకొని, అడుగున తెల్లని నూగు ఉంటుంది. ఎండ ఎక్కువగా, నీరు తక్కువగా ఉన్న చోట బాష్పోత్సేకాన్ని తగ్గించుకోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. ఆకు మీది సన్నని గ్రంథులలో వాసన గల నూనె నిలువ ఉంటుంది. మన దేశంలో నీలగిరి కొండల మీద రోజ్‌మేరీని సాగు చేస్తున్నారు. ఇటువంటి సుగంధ మొక్కలపై పరిశోధన చేసే కేంద్ర సంస్థ ‘సీమ్యాప్’కు మన నగరం తూర్పు అంచున, బోడుప్పల్‌లో ఒక కేంద్రం ఉంది.

గ్రీసు నుండి చార్మినారు దాకా

చార్మినారు దగ్గర, మక్కా మసీదు సమీపంలో నిజామియా ఆసుపత్రి ఉంది. అక్కడ యూనానీ వైద్యం చేస్తారు. అరబ్బీలో ‘యూనాన్’ అంటే గ్రీసు దేశం. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కరిడీస్ తన ఔషధ గ్రంథంలో రోజ్‌మేరీని గురించి రాశాడు. గ్రీకుల వైద్య జ్ఞానం అరబ్బు పండితుల చేతుల మీదుగా మన దేశానికి చేరింది. అరబ్బీలో ఈ మొక్క పేరు ‘ఇక్లీల్-ఉల్-జబల్’, అనగా కొండ కిరీటం.

పేరు విషయంలో ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. యూనానీ గ్రంథాలలో ‘ఇక్లీల్-ఉల్-మలిక్’ అనే మరొక మందు ఉంది. దాని అర్థం రాజ కిరీటం. దీనిని సాధారణంగా చిక్కుడు కుటుంబానికి చెందిన మెలిలోటస్ మొక్కగా చెబుతారు. పేర్లు దగ్గరగా ఉన్నా మొక్కలకు చుట్టరికం లేదు. 1920వ దశకంలో ఉత్తర అమెరికాలో, బూజు పట్టిన మెలిలోటస్ గడ్డి తిన్న పశువులు రక్తం గడ్డకట్టక చనిపోయాయి. దానికి కారణమైన పదార్థాన్ని కార్ల్ లింక్ అనే శాస్త్రజ్ఞుడి ప్రయోగశాల వేరు చేసింది. రక్తాన్ని పలుచబరచే ‘వార్ఫరిన్’ మందు ఆ పరిశోధన నుండే వచ్చింది. చూశారా? ఒక్క మాట మారితే మొక్క మారుతుంది, మొక్క మారితే శరీరంలో జరిగే పని మారుతుంది.

ఆ కాలపు హకీములు మందులను తోలా, మాషా లెక్కన త్రాసులో తూచి ఇచ్చేవారు. తోలా అంటే సుమారు 11.66 గ్రాములు. అందులో పన్నెండవ వంతు మాషా, అంటే ఒక గ్రాముకు కొంచెం తక్కువ. మూలికే కదా అని గుప్పెడు తీసి ఇవ్వలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆకులో ఏముంది?

రోజ్‌మేరీ ఆకులో ముఖ్యంగా రెండు రకాల పదార్థాలు ఉంటాయి. మొదటివి గాలిలో ఆవిరైపోయే సుగంధ తైలాలు. ఎండుటాకు బరువులో ఇవి సుమారు 1 నుండి 2.5 శాతం. వీటిలో సినియోల్, కర్పూరం, పైనీన్ ముఖ్యమైనవి. మొక్క రకాన్ని బట్టి వీటి పాళ్ళు మారుతాయి. నీలగిరి తైలంలో ఎక్కువగా ఉండేది ఈ సినియోలే. కర్పూరం మీ అందరికీ తెలిసినదే.

రెండవవి ఆవిరి కాని పదార్థాలు. 1958లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఈ ఆకు నుండి రోస్మరినిక్ ఆమ్లాన్ని వేరు చేశారు. కార్నోసిక్ ఆమ్లం మరొకటి. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నూనెలు కంపు కొట్టడాన్ని ఇవి ఆలస్యం చేస్తాయి. అందుకే 2010లో ఐరోపా సమాజం రోజ్‌మేరీ సారాన్ని ఆహారం చెడిపోకుండా కలిపే పదార్థంగా, ‘ఇ-392’ అనే సంఖ్యతో అనుమతించింది.

మేలు ఎంత?

ఐరోపా మందుల సంస్థ నిపుణులు రోజ్‌మేరీ ఆకును అజీర్ణానికీ, కడుపులోని స్వల్పమైన నొప్పులకూ వాడవచ్చునన్నారు. స్నానపు నీటిలో కలిపి చిన్నపాటి కండరాల, కీళ్ళ నొప్పులకు వాడవచ్చుననీ చెప్పారు. అయితే ఈ అనుమతికి ఆధారం చాలా కాలంగా సాగుతున్న వాడుక. రోగుల మీద జరిగిన గట్టి పరీక్షలు కావు. కడుపులోకి తీసుకోవడం పన్నెండేళ్ళ లోపు పిల్లలకు తగదని కూడా వారే చెప్పారు.

మరి జుట్టు మాట? 2015లో ఇరాన్ పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాన్ని ప్రచురించారు. వంశపారంపర్యంగా జుట్టు ఊడే 100 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు రోజ్‌మేరీ నూనె, మరొక జట్టుకు 2 శాతం మినాక్సిడిల్ అనే మందు ఇచ్చారు. ఆరు నెలల తరువాత రెండు జట్లలోనూ వెంట్రుకల సంఖ్య కొంత పెరిగింది. రెండింటికీ చెప్పుకోదగిన తేడా లేదు.

ఇది ఆశ కలిగించే ఫలితమే. కానీ సైన్సు విద్యార్థిగా మీరొక ప్రశ్న వేయాలి: మందు ఏమీ లేని నూనె రాసుకున్న మూడవ జట్టు ఏది? ఆ పరీక్షలో అటువంటి జట్టు లేదు. అది లేనప్పుడు ఫలితంలో మందు వాటా ఎంతో తేల్చి చెప్పలేము. పైగా ఒక చిన్న పరీక్షతో విషయం ముగిసిపోదు.

లెక్క వేసి చూద్దాం

ఒక కప్పు కషాయానికి 2 గ్రాముల ఎండుటాకు వేశామనుకోండి. నూనె 1 నుండి 2.5 శాతం కనుక ఆ ఆకులో ఉన్నది 20 నుండి 50 మిల్లీగ్రాములు. అందులో కొంత ఆకులోనే మిగులుతుంది, కొంత ఆవిరితో పోతుంది.

ఇప్పుడు సీసాలోని నూనెను చూద్దాం. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. మిల్లీలీటరు నూనె బరువు సుమారు 0.9 గ్రాము. కనుక చెంచాడు నూనె 4.5 గ్రాములు, అంటే 4,500 మిల్లీగ్రాములు. దీనిని 50తో భాగిస్తే 90, 20తో భాగిస్తే 225. అనగా ఒక చెంచా నూనెలో 90 నుండి 225 కప్పుల కషాయానికి వేసే ఆకులోని నూనె ఉన్నదన్నమాట! ఏ మనిషీ ఒక్క గుక్కలో అన్ని కప్పులు తాగలేడు. కాని చిన్న సీసా దానిని సాధ్యం చేస్తుంది. బుట్టెడు ఆకులోని శక్తిని స్వేదనం చేసి చెంచాలోకి దించాము. ఆకు సహజమైనదే, నూనె కూడా ఆకులోనిదే. మారినది మోతాదు.

కీడు ఎవరికి?

కర్పూరం, సినియోల్ ఎక్కువైతే మెదడులోని నాడీకణాలు అదుపు తప్పి పనిచేస్తాయి. ఫలితంగా మూర్ఛ వస్తుంది. పసిబిడ్డలకు ఒక గ్రాము కర్పూరం కూడా ప్రాణాంతకం కావచ్చు. అందుకే 1983లో అమెరికా ప్రభుత్వం, డాక్టరు చీటీ లేకుండా అమ్మే పూత మందులలో కర్పూరం 11 శాతం మించరాదని హద్దు పెట్టింది. దక్షిణ భారతంలోని నాలుగు ఆసుపత్రులలో నాలుగేళ్ళపాటు పెద్దవారిని పరిశీలించి, 2021లో వైద్యులు ఒక నివేదిక ప్రచురించారు. మూర్ఛలతో వచ్చిన 350 మందిలో 55 మందికి సుగంధ తైలాలతో సంబంధం కనిపించింది. వాటిలో ముఖ్యమైనవి నీలగిరి తైలం, కర్పూరమే. రోజ్‌మేరీ నూనెలోనూ ఇవే పదార్థాలు ఉన్నాయి కనుక మూర్ఛవ్యాధి గలవారు దీనికి దూరంగా ఉండాలి.

మన నగరంలో 1920లో మొదలైన జిందా తిలిస్మాత్‌ను మీలో చాలామంది ఇంట్లో చూసే ఉంటారు. అందులోనూ ప్రధానమైనది నీలగిరి తైలమే. దానిని గ్లాసులతో కాక చుక్కలతో ఎందుకు కొలుస్తారో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

గర్భిణులు రోజ్‌మేరీని మందుగా వాడరాదు. పిత్తాశయంలో రాళ్ళున్నవారు డాక్టరును అడగకుండా తీసుకోరాదు. కొబ్బరినూనె వంటివి కలపని నూనెను నేరుగా రాస్తే కొందరికి చర్మం మండి దద్దుర్లు వస్తాయి. మరొక సంగతి మన ఆడపిల్లలు తెలుసుకోవాలి. రోజ్‌మేరీ సారం ఆహారంలో కలిపినప్పుడు శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టడం కొంత తగ్గిందని 2001లో ప్రచురించిన పరీక్ష చూపింది. కనుక రక్తహీనత ఉన్నవారు అన్నంతోనూ, ఇనుము మాత్రతోనూ ఇటువంటి కషాయం తాగకపోవడం మంచిది. వంటలో రుచికి వేసే నాలుగు ఆకులకు మాత్రం ఎవరూ భయపడనవసరం లేదు.

ప్రమాదం జరిగితే

బిడ్డ నూనె తాగితే కక్కించకూడదు. వాంతిలో నూనె ఊపిరితిత్తులలోకి పోతే అది మరొక ప్రమాదం. మూర్ఛ కూడా ఎప్పుడైనా రావచ్చు. మూర్ఛ వచ్చినట్లయితే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచాగాని, నీళ్ళుగాని పెట్టరాదు. చేతిలో తాళంచెవులు పెడితే మూర్ఛ తగ్గదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. సీసాను కూడా పట్టుకుపోవాలి. ఆ తల్లి సరిగ్గా ఈ పనే చేసింది.

చేసి చూడండి

ఇంట్లో పెద్దవారిని దగ్గర ఉంచుకొని, ఒక తెల్లకాగితం మీద ఒక చోట నువ్వులనూనె చుక్క, మరొక చోట నీలగిరి తైలం చుక్క వేయించండి. కాగితాన్ని గాలి తగిలే చోట ఆరబెట్టి, కొన్ని గంటల తరువాత వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నువ్వులనూనె మరక అట్లాగే ఉంటుంది. తైలం మరక దాదాపు మాయమవుతుంది. రెండింటినీ మనం నూనె అనే పిలుస్తాము. కాని రసాయన శాస్త్రంలో అవి వేరు వేరు. ఒకటి వంటకు పనికివచ్చే కొవ్వు, రెండవది ఆవిరయ్యే సుగంధ తైలం.

ఆ అమ్మాయి ఇప్పుడు పదవ తరగతి చదువుతున్నది. వాళ్ళింట్లో కర్పూరం డబ్బా, తైలం సీసాలు అన్నీ పై అలమరలో తాళం వేసి ఉంటున్నాయట. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ‘సహజమైనది’ అన్న మాట చూడగానే నాలుగు ప్రశ్నలు అడగడం కూడా ఆమెకు అలవాటైంది. ఇది ఏ మొక్క? ఆకా, నూనెా? ఎంత మోతాదు? ఎవరికి? గన్నేరు కూడా సహజమైనదే కదా! ఏ మూలికను చేతిలోకి తీసుకున్నా మీరు కూడా ఈ నాలుగు ప్రశ్నలూ వేయండి. జవాబు తెలియకపోతే సీసా మూత తీయకండి.

ప్రశ్నలు

1. రోజ్‌మేరీకీ తులసికీ గల మూడు పోలికలు రాయండి.
2. 1 గ్రాము ఎండుటాకులో 2 శాతం నూనె ఉంటే అది ఎన్ని మిల్లీగ్రాములు?
3. జుట్టు మీద జరిగిన పరీక్షలో మూడవ జట్టు ఎందుకు ఉండాలి?
4. సుగంధ తైలం తాగిన బిడ్డను ఎందుకు కక్కించరాదు?