లంగరును నిలిపేది మోకు పొడవు



నాగార్జునసాగర్‌లో లాంచీ దిగినా, కొల్లాపురం దగ్గర సోమశిలలో పడవ దిగినా మన చూపు ఒడ్డు మీదనే ఉంటుంది. పడవను ఎలా కట్టారో గమనించం. రాత్రి గాలి లేచినప్పుడు పడవనూ, అందులో పడుకున్నవారినీ కాపాడేది ఆ కట్టే. ఈ వారం దానిని నేర్చుకుందాం.

తెరచాపతో నడిచే కాటమరాన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 'కట్టుమరం' అనే తమిళ మాట నుండే ఆ పేరు వచ్చింది. దుంగలు కలిపి కట్టిన తెప్ప అని అర్థం. నేటి కాటమరాన్ అంటే పక్కపక్కన రెండు దోనెలను కలిపిన పడవ. ఇది తేలిక గనుక గాలికి త్వరగా కదిలిపోతుంది.

మొదటిది, లోతు కొలవాలి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పునీత పౌలు ఎక్కిన ఓడ నావికులు చీకటిలో లోతు కొలిచారు. మొదట సుమారు 120 అడుగులు, తరువాత 90. ఒడ్డు దగ్గరపడుతోందని, రాళ్లకు తగులుతామని భయపడి వెనుక నుండి నాలుగు లంగర్లు దించారు. అది ఆపదలో చేసిన పని. మామూలుగా లంగరు ముందువైపు నుండే దించాలి. వెనుక కడితే అలలు పడవలోకి ఎక్కుతాయి.

రెండవది, మోకు. లంగరు బరువు వల్లనే పడవ ఆగదు. మోకు నేలబారుగా లాగితేనే లంగరు కొక్కెం బురదలో దిగుతుంది. నిటారుగా లాగితే ఊడివస్తుంది. లోతు 20 అడుగులు, నీటిపైన పడవ ముందుకొన ఎత్తు 4 అడుగులు అయితే మొత్తం 24. దానికి 5 రెట్లు, అంటే 120 అడుగుల మోకు వదలాలి. గాలి ముదిరితే 7 రెట్లు. లంగరు దగ్గర కొంత గొలుసు ఉంటే ఇంకా మేలు. పడవ చుట్టూ తిరగడానికి చోటు కూడా చూసుకోవాలి.

మూడవది, రెండు దోనెల ముందుకొనల నుండి సమానమైన రెండు తాళ్లు తెచ్చి మోకుకు కలపాలి. అప్పుడు పడవ అటూ ఇటూ ఊగక గాలికి ఎదురుగా నిలుస్తుంది.

నాల్గవది, మన జలాశయాల నీటిమట్టం నిలకడగా ఉండదు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. సోమశిలకు ఆవలి ఒడ్డున సంగమేశ్వరాలయం నెలల తరబడి నీట మునిగి ఉండి, నీరు తగ్గాక బయటపడుతుంది. కృష్ణకు వరద వచ్చి నీరు 10 అడుగులు పెరిగితే, పైన చెప్పిన 120 అడుగుల మోకు మూడున్నర రెట్లే అవుతుంది. వెంటనే ఇంకా వదలాలి. ఒడ్డున గుంజకు బిగించి కట్టిన పడవ నీరు తగ్గితే రాళ్ల మీద ఒరుగుతుంది, పెరిగితే ముందుకొన కిందికి లాగబడుతుంది. కనుక తాడు కొంత వదులుగా ఉంచి, ఉదయం సాయంత్రం సరిచూడాలి. రాతికి ఒరుసుకునే చోట గుడ్డ చుట్టాలి.

ఇంట్లో పిల్లలతో ఒకటి చేయండి. పళ్లెంలో తడి ఇసుక పోసి, వంచిన తీగ కొక్కేనికి దారం కట్టి దిగవేయండి. ఒకసారి పైకి, ఒకసారి నేలబారుగా లాగండి. ఏది నిలిచిందో పిల్లలనే చెప్పనివ్వండి.