ఇల్లు కొనేముందు తొవ్వ చూడండి: పక్కింటివారి బాట హక్కు తెలుసుకునేదెలా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పాత వాడల్లో, చుట్టుపక్కల ఊళ్లలో అన్నదమ్ముల పంపకాలతో ముక్కలైన ఇళ్లు చాలా ఉన్నాయి. ముందు వాటా ఒకరిది, వెనుక వాటా ఇంకొకరిది. వెనుకవారు బజారుకెక్కాలంటే ముందువారి వాకిట్లోంచే తొవ్వ. ముందు వాటా కొంటే ఆ తొవ్వ విడిచే బాధ్యత మీమీద పడుతుంది. వెనుక వాటా కొంటే ఆ తొవ్వ లేకుండా మీకు గడవదు. అందుకే బయానా ఇచ్చేముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

ఇలా పక్కవారి స్థలంలోంచి నడిచే హక్కును చట్టం సుఖభోగ హక్కు (ఈజ్‌మెంట్) అంటుంది. స్థలం మీదే, నడిచే హక్కు పక్కవారిది. ఇల్లు చేతులు మారినంత మాత్రాన ఆ హక్కు పోదు.

1. కాలినడకన చూడండి
పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లండి. ఎవరు ఎటు నుంచి వస్తున్నారు? వెనుకింటి దర్వాజ ఎటు ఉంది? ప్రహరీలో చిన్న గేటుందా? అరిగిన కాలిబాట కనిపిస్తే అది ఎవరిదో అడగండి. మోరీ నీళ్లు, చూరు నీళ్లు ఎటు పోతున్నాయో కూడా అప్పుడే చూసుకోండి.

2. హద్దులు చదవండి
అమ్మేవారి డాక్యుమెంటుతో ఆగకుండా లింకు డాక్యుమెంట్లు, పంపకాల కాగితాలు అడగండి. నాలుగు దిక్కుల హద్దుల్లో ‘రాస్తా’, ‘గల్లీ’, ‘ఉమ్మడి బాట’ అని ఉందేమో వెతకండి. పక్కింటివారి డాక్యుమెంటు కూడా చూడగలిగితే మంచిది. మీ కాగితంలో లేని తొవ్వ వారి కాగితంలో ఉండవచ్చు.

3. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి, కానీ దానితోనే సరిపెట్టుకోవద్దు
ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఏళ్లుగా నడిచి సంపాదించుకున్న హక్కు, సాదా బైనామాలో (రిజిస్టరు కాని కాగితంలో) రాసుకున్న మాట అందులో ఉండవు.

4. ఏ రకం హక్కో తేల్చుకోండి
- *రాతపూర్వకం:* రిజిస్టరు డాక్యుమెంటులో ఇచ్చిన బాట.
- *అవసరం వల్ల వచ్చింది:* ఒకప్పుడు ఒకరిదే అయిన స్థలం ముక్కలై, ఒక ముక్కకు వేరే దారే లేకపోతే 1882 ఈజ్‌మెంట్ చట్టం 13వ సెక్షన్ బాట ఇస్తుంది. వేరే దారి ఏర్పడి ఆ అవసరం తీరితే ఈ హక్కూ పోతుంది.
- *వాడుక వల్ల వచ్చింది:* 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు బహిరంగంగా, గొడవ లేకుండా, ఆటంకం లేకుండా, తమ హక్కుగానే నడిచి ఉండాలి. ప్రభుత్వ స్థలంలోనైతే 30 ఏళ్లు.
- *అనుమతి:* ‘పోనీలే, నడవండి’ అని ఇచ్చిన మాట. దీన్ని సాధారణంగా వెనక్కి తీసుకోవచ్చు. అడిగి నడిచినవారు 20 ఏళ్ల వాడుక చూపి హక్కు అడగలేరు.

5. పక్కవారితో కూర్చోండి
అమ్మేవారి మాట ఒక్కటే వినవద్దు. ‘పెద్దనాన్నా, ఈ తొవ్వ ఎప్పటి నుంచి ఉంది?’ అని మర్యాదగా అడిగితే వాడలోని పెద్దలు పాత సంగతులన్నీ చెబుతారు. తగాదా ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

6. కొలిచి రాయించండి
టేపు పట్టి పొడవు, వెడల్పు కొలవండి. నడిచేందుకేనా, బండి కూడా పోవచ్చా అన్నది స్పష్టం చేసుకోండి. ఒక పనికి వచ్చిన హక్కును ఇంకో పనికి సాగదీయలేరు. ఆ కొలతలు, బాట గుర్తించిన ప్లాను సేల్‌డీడు షెడ్యూలులో చేర్పించండి. వెనుక వాటా కొనేవారు ముందింటి యజమానితో రిజిస్టరు ఒప్పందం చేసుకోవాలి. మామూలు కాగితం మీద సంతకాలు చాలవు. ముందు వాటా కొనేవారు, బాటకు పోయే జాగాను లెక్కలో పెట్టి ధర మాట్లాడుకోవాలి.

7. అనుమానముంటే ఆగండి
కాగితాలు సివిల్ వకీలుకు చూపించండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత సాయం దొరుకుతుంది. కోర్టుకు ఎక్కకముందే రాజీకి కూడా అక్కడ ప్రయత్నించవచ్చు.

కొన్నాక గోడ కట్టి తొవ్వ మూసేస్తే పక్కవారు ఇంజంక్షన్ తెస్తారు, ఏళ్ల తరబడి వాయిదాలు నడుస్తాయి. రోజూ ముఖం చూసుకోవాల్సిన ఇరుగుపొరుగు మధ్య ఆ పగ రాకూడదు. తొవ్వ సంగతి రిజిస్ట్రేషనుకు ముందే రాతలోకి ఎక్కించండి.