ఇంటికి వెళ్ళినప్పుడు మన పని

పిల్ల చదువు ఆగితే తల్లిదండ్రులనే తప్పుపడతాం. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన కృషి వేరే సంగతి చూపింది. ప్రొఫెసర్ శాంతా సిన్హా (2003 మెగసెసే గ్రహీత) నాయకత్వంలో ఊరి యువకులే ఇంటింటికీ వెళ్ళారు. పేదవారికి చదివించాలనే ఉంది, దారి చెప్పేవారు లేరు. పనిలోని పిల్లలను శిబిరాల్లో చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్చారు.

మా నందికొట్కూరు వైపూ అంతే. మా ఇంట్లో తొలి డిగ్రీ నాదే. ఇంటర్‌లో ఉపకార వేతనానికి ఆదాయ ధ్రువపత్రం కావాలని మా నాయనకు తెలియదు. తెలిసేలోగా గడువు దాటింది, అమ్మ కమ్మలు తాకట్టుకు పోయాయి.

పదో తరగతి ఫలితాలు వచ్చాక మీ వీధిలో రెండిళ్ళకు వెళ్ళండి. ఉపన్యాసం వద్దు. కుల, ఆదాయ పత్రాలు ఉన్నాయా, ఆధార్‌లో, మార్కుల జాబితాలో పేరు ఒకటేనా చూడండి. కూలికి పోయే ఇళ్ళకు పగలు తాళం ఉంటుంది, పొద్దుగూకాక వెళ్ళండి.