జలగలన్నీ నెత్తురు తాగవు: మన కుంటల్లోని జలగల రకాలు, వాటిని కాపాడుకునే తీరు



వానపాముల గురించి చాలా మాట్లాడుకున్నాం. సాలీళ్లు, తూనీగలు, అక్షింతల పురుగుల గురించి కూడా చెప్పుకున్నాం. జలగ పేరెత్తితే మాత్రం అందరం మొహం చిట్లిస్తాం. నాట్లప్పుడు కాలికి పట్టుకుని నెత్తురు తాగే జీవి మీద ప్రేమ ఎక్కడినుంచి వస్తది? ఆ కోపం న్యాయమే. కానీ ఆ కోపంలో కుంటకు చేసే పని మన గొర్రెలకు, బర్రెలకు, చివరికి మన పొలానికే నష్టం తెస్తోంది. అందుకే ఈ పాఠం. వీడియో చూసినవాళ్లు కూడా దీన్ని ఒకసారి నెమ్మదిగా చదవండి. కుంట దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్, నస్పూర్, ఇందారం వైపు గానీ, గోదావరి అవతల గోదావరిఖని, రామగుండం వైపు గానీ చూడండి. ఒకపక్క సింగరేణి గనులు, మట్టి దిబ్బలు. ఇంకోపక్క చిన్న చిన్న కుంటలు, ఒర్రెలు, వరి మడులు. జలగలు ఉండేది పెద్ద నదిలో కంటే ఇలాంటి చిన్న నీళ్లలోనే ఎక్కువ. ఆ చిన్న నీళ్లే ముందుగా పాడవుతున్నాయి.

ఒకే పేరు, రెండు వేరు జీవులు

ముందు పెద్ద చిక్కుముడి విప్పుకుందాం. గొర్రె దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే, కంటి లోపలి పొర తెల్లగా పాలిపోతే, మేత తిన్నా ఒళ్లు పట్టకపోతే మనం "జలగ వ్యాధి" అంటాం. వెంటనే మన ఆలోచన కుంటలోని జలగల మీదికి పోతుంది. "జలగలను చంపితే రోగం పోతది" అనుకుంటాం.

నిజానికి ఆ వ్యాధికి, కుంటలోని జలగకు ఏ సంబంధమూ లేదు. కార్జపు జలగ అని మనం పిలిచేది ఆకులా చదునుగా ఉండే ఒక బద్దెపురుగు. మన దేశంలో ఎక్కువగా ఉండేది ఫాసియోలా జైగాంటికా. అది పశువు కార్జంలోని పైత్యనాళాల్లో బతుకుతుంది. దాని గుడ్లు పేడతో బయటికొచ్చి నీళ్లలో పొదుగుతాయి. పిల్ల ఒక రకం నీటినత్తలో దూరి, అక్కడ ఒకటి వందలవుతుంది. నత్త నుంచి బయటికొచ్చి, నీటి అంచున ఉన్న గడ్డికి గట్టి తిత్తిలా అంటుకుంటుంది. ఆ గడ్డి మేసిన పశువుకు వ్యాధి వస్తుంది.

అంటే ఈ వ్యాధికి వాహనం నత్త. అసలు జలగల్లో కొన్ని రకాలు తినేది ఆ నత్తల్నే. పేరు చూసి మనం శత్రువు అనుకుని చంపుతున్న వాటిలో మనవైపు పనిచేసేది కూడా ఉందన్నమాట.

జలగ వానపాముకు చుట్టం

జలగ, వానపాము రెండూ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి. రెండింటికీ ఒళ్లంతా ఉంగరాలే. రెండింటిలోనూ ఒకే జీవిలో ఆడ, మగ భాగాలుంటాయి. రెండూ గుడ్లను తిత్తుల్లో పెడతాయి. తేడా ఏంటంటే జలగకు ముందొకటి, వెనకొకటి పీల్చి పట్టుకునే గిన్నెలుంటాయి.

ప్రపంచంలో సుమారు 700 రకాల జలగలు ఉన్నాయని శాస్త్రవేత్తల లెక్క. మన దేశపు జలగల మీద హార్డింగ్, మూర్ అనే ఇద్దరు రాసిన పెద్ద గ్రంథం 1927లోనే అచ్చయింది. అంతకు ఎంతో ముందు సుశ్రుత సంహిత కూడా జలగల్ని 12 రకాలుగా లెక్కపెట్టింది. ఆరు విషం గలవి, ఆరు విషం లేనివి. కుళ్లిన మురికి నీళ్లలో పుట్టేవి చెడ్డవని, తామరలు కలువలు ఉండే మంచి నీళ్లలోవి మంచివని వేరు చేసింది. "జలగ అంటే ఒక్కటే" అని ఆనాటి వైద్యులు కూడా అనుకోలేదు.

గుర్తుపట్టడానికి మూడు జట్లు

ప్రతి రకాన్నీ పేరుతో గుర్తుపట్టడం నిపుణుల పని. మనకు మూడు జట్లు తెలిస్తే చాలు.

1. నెత్తురు తాగేవి: మన చెరువుల్లో అందరికీ తెలిసినది పశువుల జలగ, హిరుడినేరియా గ్రాన్యులోసా. వీపు ఆకుపచ్చ ఛాయలో, పొట్ట నారింజ పసుపు రంగులో ఉంటుంది. బాగా పెరిగినది సాగితే అడుగు దాకా వస్తుంది. తలమీద ఐదు జతల కళ్లు, నోట్లో మూడు దవడలు ఉంటాయి. అందుకే కరిచినచోట మూడు గీతలు కలిసినట్టు గాటు పడుతుంది. నీళ్లలో అలలా పైకీ కిందికీ ఊగుతూ చక్కగా ఈదుతుంది. ఒకసారి కడుపునిండా తాగితే నెలల తరబడి మళ్లీ తాగకుండా ఉండగలదు.

2. నత్తల్ని పీల్చేవి: ఇవి చిన్నవి, చాలావరకు వేలిగోరంత. చదునుగా ఆకులా ఉంటాయి. దవడలుండవు, సన్నని తొండం ఉంటుంది. దాన్ని నత్తలోకి, చిన్న పురుగుల్లోకి దింపి రసం పీలుస్తాయి. మన దేశంలో కనిపించే ఆల్బోగ్లాసిఫోనియా వెబరి ఈ జట్టుదే. ఇవి సరిగా ఈదలేవు, కదిలిస్తే ముడుచుకుంటాయి. రాళ్ల కింద, కలువ ఆకుల అడుగున, నత్తగుల్లల మీద వెతకండి. ఇంకో విశేషం, ఇవి గుడ్లను, పిల్లల్ని పొట్ట కింద పెట్టుకుని మోస్తాయి. తిరగేసి చూస్తే కోడి కింద పిల్లల్లా కనిపిస్తాయి.

3. మింగేవి: సన్నగా, పొడుగ్గా, ఎర్రటి గోధుమ రంగులో వానపాము పిల్లలా ఉంటాయి. బార్బ్రోనియా వెబరి ఈ జట్టుది. బురదలోని దోమజాతి పురుగుల పిల్లల్ని, చిన్న పురుగుల్ని పట్టి మింగుతాయి. మన కాలి జోలికి రావు.

ఈ జలగల్ని చేపలు, బాతులు, కొంగలు, తాబేళ్లు తింటాయి. అలా కుంటలోని తిండి గొలుసులో ఇవి నడుమ ఉన్న కడియాలు.

మైలుతుత్తం వేస్తే ఏమవుతుంది?

నత్తలు, జలగలు రెండూ పోతాయని కొందరు కుంటలో మైలుతుత్తం వేస్తారు. పోతాయి, నిజమే. వాటితోపాటు చేపపిల్లలు, తోకకప్పలు, నీటిపురుగులు కూడా పోతాయి. తర్వాత ముందుగా తిరిగొచ్చేది ఎవరు? నత్తలే. మిగిలిన ఒక్క నత్త కూడా జత లేకుండా గుడ్లు పెట్టగలదు. దాన్ని తినే జలగ, చేప, పురుగు అంత తొందరగా రావు. మరుసటి ఏడాది నత్తలు ఇంకా పెరుగుతాయి. పైగా రాగి గొర్రెలకు విషంతో సమానం. మిగతా పశువులు తట్టుకునే మోతాదు కూడా గొర్రె కార్జానికి ప్రమాదం.

వ్యాధిని ఆపాలంటే దారి వేరు. వానల తర్వాత నీళ్లు తగ్గుతున్నప్పుడు, అంటే సుమారు అక్టోబర్ నుంచి, కుంట అంచు గడ్డి మేపకండి. పేడ నీటి ఒడ్డున పడనివ్వకండి. లక్షణాలు కనిపిస్తే పశువైద్యుడితో పేడ పరీక్ష చేయించి, ఆయన చెప్పిన మందే తాగించండి. కుంటలోని చిన్న జలగ ఒక్కటే వ్యాధిని ఆపేస్తుందని చెప్పడం లేదు. నత్తల్ని అదుపులో పెట్టే జట్టులో అదొక కూలీ, అంతే. జీతం అడగని కూలీ.

మన కషాయాల సంగతి

ఇది ప్రకృతి వ్యవసాయదారులకే ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. అగ్నిఅస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు వేస్తాం. పొగాకులోని నికోటిన్ జలగకు, నీటిపురుగులకు గట్టి విషం. జలగను ఊడదీయడానికి పాతకాలంలో పొగాకు నీళ్లు వాడింది అందుకే. రసాయనం కాదు కదా అని అగ్నిఅస్త్రం కలిపిన డ్రమ్ము, స్ప్రేయర్ తీసుకెళ్లి కుంటలో కడిగితే, ఆ మూల నీళ్లకు అది రసాయనమే. కడిగిన నీళ్లను నీళ్లకు దూరంగా, గట్టు మీది ఎండు ఆకుల్లో పోయండి.

బొగ్గు నేల మీద చిన్న నీళ్ల కష్టాలు

మొదటిది మట్టి. ఓపెన్‌కాస్ట్ దిబ్బల మట్టి, బొగ్గు నుసి వానకు కొట్టుకొచ్చి ఒర్రెల్లో, కుంటల్లో పరుచుకుంటే, రాళ్ల సందులు, ఆకుల అడుగులు పూడిపోతాయి. నత్తల్ని తినే చిన్న జలగలు ఉండేది సరిగ్గా ఆ సందుల్లోనే.

రెండోది గనుల నుంచి తోడే నీళ్లు. ఎండాకాలంలో ఈ నీళ్లే కొన్ని కుంటలకు, పొలాలకు ఆధారం. అది మేలే. అయితే నీళ్లు దిగేచోట తుప్పు రంగు పొర కడుతుంటే, నురగ కనిపిస్తుంటే, నీటి పరీక్ష చేయించకుండా వాడొద్దు.

మూడోది పూడికతీత. ఇదే అసలు మెలిక. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటినుంచి చెరువు మట్టి విలువ అందరికీ తెలిసింది. ఆ మట్టి పొలానికి బంగారం, అందులో అనుమానం లేదు. కానీ పూడిక తీసేది ఏప్రిల్, మే నెలల్లో. పశువుల జలగ తిత్తులు పెట్టేది కూడా ఏప్రిల్ నుంచి జూన్ వరకే. అది కూడా నీళ్లలో కాదు, నీటి అంచున తడి మట్టిలో. జేసీబీ ఒక్క వారంలో అంచంతా గీకేస్తే, ఆ ఏడాది పిల్లలన్నీ ట్రాక్టరెక్కి పొలంలో ఎండిపోతాయి.

నాలుగోది ప్లాస్టిక్ పరిచిన సేద్యపు కుంటలు. నీళ్లు నిలుస్తాయి గానీ అంచున బురద లేదు, తుంగ లేదు. తిత్తి పెట్టే చోటే లేదు.

మీ కుంటలో లెక్క తీసే పద్ధతి

కావాల్సినవి: తెల్ల ప్లాస్టిక్ టబ్బు, టీ వడకట్టే జాలి, స్కేలు, నోటుబుక్కు, ఫోను, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు.

1. ఉదయం పూట ఒడ్డున మూడు చోట్లు ఎంచుకోండి. గొడ్లు దిగేచోట ఒకటి, తుంగ ఉన్నచోట ఒకటి, రాళ్లు లేదా మత్తడి దగ్గర ఒకటి.
2. ఒక్కోచోట పది నిమిషాలు రాళ్లు తిప్పండి, ఆకుల అడుగు చూడండి, జాలితో బురద కడగండి.
3. దొరికినవి టబ్బులో కుంట నీళ్లలోనే వేయండి. ఈదుతుందా, ముడుచుకుంటుందా, చదునా, గుండ్రమా, పొట్ట కింద పిల్లలున్నాయా రాసుకోండి. ఫొటో తీసి అక్కడే వదిలేయండి. తిప్పిన రాయిని మళ్లీ అలాగే పెట్టండి.
4. ఏడాదికి రెండుసార్లు, అక్టోబర్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి చూడండి.

ఒక జాగ్రత్త. జలగలు ఎక్కువుంటే నీళ్లు మంచివని అర్థం కాదు. గాలి తక్కువున్న మురికి నీళ్లను కూడా తట్టుకునే జలగలున్నాయి. ఒకే రకం గుంపులుగా ఉంటే పేడ, మురుగు ఎక్కువైందేమో చూసుకోండి. మూడు జట్లూ కొంచెం కొంచెంగా కనిపిస్తే కుంట బాగున్నట్టు. సంఖ్య కంటే రకాలే ముఖ్యం. రకం కచ్చితంగా తెలియాలంటే దగ్గర్లోని డిగ్రీ కాలేజీ జంతుశాస్త్ర అధ్యాపకులకు ఫొటోలు చూపించండి. హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి మంచినీటి జీవుల కేంద్రం కూడా ఉంది.

చేయాల్సిన పనులు

- పూడిక వంతులవారీగా తీయండి. ఈ ఏడాది ఒక పక్క, వచ్చే ఏడాది ఇంకో పక్క. ఒకవైపు అంచు రెండు మూడు మీటర్లు తుంగతో సహా వదిలేయండి.
- గొడ్లు దిగడానికి ఒక్కటే దారి పెట్టండి. కుదిరితే తొట్టిలో నీళ్లు తాపండి. గొడ్లకు జలగలు పట్టడం తగ్గుతుంది, అంచు తొక్కుడు పడదు.
- గని నీళ్లు, దిబ్బల నీళ్లు వచ్చేచోట ముందే చిన్న గుంత తవ్వి జమ్ము, తుంగ పెంచండి. మట్టి అక్కడే కూర్చుంటుంది.
- ప్లాస్టిక్ కుంట ఉంటే పక్కనే పొర్లు నీళ్లు పడేలా చిన్న మట్టి గుంత ఉంచండి.
- ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ లాంటి నిషేధించిన చేపల్ని వదలకండి. దొరికిందల్లా తినేస్తాయి.
- మందు కోసమని జలగల్ని బస్తాలకొద్దీ పట్టనివ్వకండి.

ఈ చివరి మాటకు యూరప్ సాక్ష్యం. అక్కడి వైద్యులు ప్రతి రోగానికీ జలగ పెట్టే రోజుల్లో, 1833లో ఒక్క ఫ్రాన్స్ దేశమే 4 కోట్లకు పైగా జలగల్ని దిగుమతి చేసుకుంది. పట్టడం ఒకపక్క, చిత్తడి నేలలు ఎండగట్టడం ఇంకోపక్క. ఊరూరా దొరికిన వైద్య జలగ చాలాచోట్ల కనుమరుగైంది. చివరికి 1987లో దాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చాల్సి వచ్చింది. ఆ జలగ లాలాజలంలో నెత్తురు గడ్డకట్టనివ్వని హిరుడిన్ ఉందని 1884లో హేక్రాఫ్ట్ కనిపెట్టాడు. తెగిన వేళ్లు అతికించే ఆపరేషన్ల తర్వాత ఇప్పటికీ జలగ వాడతారు. 2004లో అమెరికా దానికి వైద్య పరికరంగా అనుమతిచ్చింది.

జలగ పట్టుకుంటే

ఉప్పు, బీడీ నిప్పు పెట్టొద్దు. అది కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. గుంజొద్దు కూడా. సన్నగా ఉన్న తలవైపు గోరు చర్మానికి ఆనించి పక్కకు జరపండి, పట్టు వదులుతుంది. తర్వాత వెనక గిన్నె తీయండి. సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. హిరుడిన్ వల్ల నెత్తురు కొన్ని గంటలు కారొచ్చు, భయపడొద్దు. ఆగకపోయినా, నెత్తురు పల్చబడే మందులు వాడేవాళ్లయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కుంట జలగతో ఇంట్లో సొంత వైద్యం చేయొద్దు. జలగ కడుపులోని సూక్ష్మజీవులు గాయాన్ని చీము పట్టిస్తాయి. ఆసుపత్రుల్లో దీనికోసమే ముందుగా మందులిస్తారు.

నాట్లు వేసే అక్కలకు మోకాళ్ల దాకా బిగుతైన సాక్సులు కొనివ్వండి. జలగల్ని చంపే మందుకు పెట్టే డబ్బుతో ఇవి వస్తాయి. కుంట బతుకుతుంది, కాళ్లూ బాగుంటాయి.